భోజనానంతర రక్తమున కొవ్వు, స్త్రీ పురుష భేదము: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము



1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, 1922లో స్వదేశమును వీడి బోస్టను నగరము చేరి, 1948 ఆగస్టులో న్యూయార్కున కన్నుమూయువఱకు మరల ఈ గడ్డమీద కాలు మోపుటకు నోచుకొనని యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికై మాచారెడ్డిలో కూడిన ఈ సభలో, ఆయన పేరుతో ముడివడిన మందుల పట్టికను చదివి వినిపించుట నా యుద్దేశము కాదు. ఫోలిక్ ఆమ్లమును, బోదకాలు క్రిములపై ప్రయోగించు హెట్రజానును, రక్తకర్కటమునకు వాడిన తొలి మందులను ఎఱుగనివారు ఈ సభలో అరుదు. నేను చెప్పదలచినది ఆయన ఇంట జరిగిన ఒక విషాదమునుండి బయలుదేరును. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధికి బలియైరి. మన పెద్దలు గ్రహణి యని చెప్పు జబ్బులలో చేర్చదగిన ఈ రోగమున ప్రేవుల లోపలి పొర క్షీణించిపోవును; తిన్న అన్నములోని కొవ్వు రక్తమున ప్రవేశింపజాలక మలముతో వెడలిపోవును; రోగి తినుచునే శుష్కించును. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము రూపొందినప్పుడు, అది స్ప్రూ రోగులకు ప్రాణము పోయుట వైద్యలోకము కన్నులార చూచినది. తిన్న కొవ్వు రక్తమునకు చేరకపోవుట ఆ తరమువారి దుఃఖము. చేరిన కొవ్వు రక్తమును విడిచి వేళకు వెడలిపోకుండుట మనతరపు వ్యాధి. ఈ రెండవదానిని గూర్చి, అందును అది స్త్రీలయందొకరీతిని పురుషులయందొకరీతిని ప్రవర్తించు విధమును గూర్చి ముచ్చటింపదలచితిని.

తిన్న కొవ్వు ఏ మార్గమున రక్తమును చేరునో మానవునకు తెలిసినది ఒక యాకస్మిక సంఘటన వలన. 1622లో ఇటలీ దేశమున గాస్పరో అసెల్లి యను శస్త్రవైద్యుడు ఒక కుక్క యుదరమును కోసి చూచుచుండగా, ప్రేవులను కట్టియుంచు పొరమీద తెల్లని సన్నని నాళములు అల్లుకొనియుండుట కనబడినది. గీచి చూడగా వానినుండి పాలవంటి ద్రవము చిమ్మినది. మఱియొక కుక్కను కోసిన నవి కనబడలేదు. మొదటి కుక్క కడుపునిండ తిని యుండినది, రెండవది తినియుండలేదు. కడుపునిండిన శరీరమున మాత్రమే అగపడి, పస్తున్న శరీరమున అదృశ్యమగు సత్యములు కొన్ని కలవని వైద్యులు నేర్చుకొనుటకు ఈ ఒక్క నిదర్శనమే చాలియుండవలసినది. అయినను మూడు వందల యేండ్ల పిదప సయితము రక్తములోని కొవ్వును కొలువదలచిన వైద్యులు సామాన్యముగ రోగిని రాత్రియెల్ల పస్తుంచి ఉదయమే రమ్మనుచు వచ్చిరి.

ఆ తెల్లని నాళములలో ప్రవహించునవి కైలోమైక్రాన్లు. కార్నెల్ విశ్వవిద్యాలయమున సైమన్ హెన్రీ గేజ్ అను సూక్ష్మదర్శిని పండితుడు 1920లో వానికి ఆ పేరిడి, భోజనానంతరము గంటగంటకును రక్తపు బొట్టును పరిశీలించి, చీకటిలో మెఱయు ఆ కణములను లెక్కించెను. ప్రేవుల కణములు మనము తిన్న నూనెను, నేతిని, మాంసపు కొవ్వును విడగొట్టి, మరల ట్రైగ్లిసరైడ్లుగా కూర్చి, చిన్న గోళములుగా చుట్టి, లసికా నాళముల మార్గమున మెడ క్రింది పెద్ద సిరలోనికి పంపును. నీటివంటి రక్తములో నూనె తేలిపోక కలసి పయనించుటకై ఆ గోళముపైన భాస్వరముతో కూడిన కొవ్వు పదార్థముల పలుచని తొడుగుండును. ఆ భాస్వరమును కొలుచుటకు రసాయనజ్ఞులు తరతరములు వాడిన పద్ధతి 1925లో సైరస్ ఫిస్కేయును, మన సుబ్బారావుగారును కలసి ప్రకటించినదే. కొద్ది రక్తములోని భాస్వరమును నీలవర్ణపు గాఢతనుబట్టి నిర్ణయించు ఆ పద్ధతియే లేకున్న ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటినును గాని, 1929లో ఏటీపీని గాని కనుగొనగలిగియుండెడివారు కారు; రక్తములోని ఫాస్ఫోలిపిడ్ల లెక్కయును మఱెన్నడో గాని తేలియుండెడిది కాదు. కావున కొవ్వును గూర్చిన ప్రసంగము ఆయన స్మృతికి పరాయిది కాదు.

ఆరోగ్యవంతుడు కొవ్వుతో కూడిన భోజనము చేసినపిదప రక్తములో ట్రైగ్లిసరైడ్లు క్రమముగా పెరిగి, మూడు నాలుగు గంటలకు పరాకాష్ఠ నందుకొని, ఆరు మొదలెనిమిది గంటలలో పూర్వస్థితికి దిగివచ్చును. ఈ దిగివచ్చుటకు కారకము కండరములయందును, కొవ్వు నిలువలయందును సన్నని రక్తనాళముల గోడలకు అంటిపెట్టుకొని యుండు లైపోప్రోటీన్ లైపేజ్ అను ఎంజైము. అది కైలోమైక్రానునందలి ట్రైగ్లిసరైడును విడగొట్టి, కండరమునకు ఇంధనముగను, కొవ్వు కణమునకు నిలువగను అందించును. మిగిలిన అవశేషమును కాలేయము పట్టి తనలో లీనము చేసికొనును. అయితే ఈ ఎంజైమునొద్దకు వచ్చునది భోజనపు కొవ్వు ఒక్కటియే కాదు. కాలేయము తాను స్వయముగ తయారుచేసి పంపు వీఎల్‌డీఎల్ కణములును అక్కడికే వచ్చును. బోధను చక్కెర కర్మాగారము నడచిన దినములలో క్రషింగు కాలమున దాని గేటునొద్ద రెండు దారుల చెఱకు బండ్లు వచ్చి ఒకే తూనికకై బారులు తీరినట్లు, ప్రేవుల సరుకును కాలేయపు సరుకును ఒకే ద్వారమున నిలువబడును. కాలేయమునుండి వచ్చు బారు ముందే పొడవై యుండినచో, భోజనానంతరము వచ్చిన సరుకు గంటల తరబడి రక్తములోనే యుండిపోవును. పస్తు ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగా నున్నవారికి భోజనానంతర కొవ్వు మఱింత యెక్కువగను, మఱింతసేపును నిలుచుటకు కారణమిదియే.

ఇట్లు నిలిచిన కణములు ఊరక యుండవు. ఇతర కణములతో కొలెస్టరాలును మార్చుకొని, మంచి కొలెస్టరాలనబడు హెచ్‌డీఎల్‌ను తగ్గించి, చెడ్డదనబడు ఎల్‌డీఎల్‌ను చిన్నవిగ, సాంద్రముగ మార్చి, తామును కొలెస్టరాలుతో బరువెక్కి, ధమనుల గోడలలోనికి చొచ్చుకొనిపోవును. 1947లో, సుబ్బారావుగారు ఇంకను జీవించియున్న కాలముననే, మోర్టన్ అను అమెరికా వైద్యుడు ధమనులు గట్టిపడుటకును భోజనానంతర కొవ్వునకును సంబంధము కలదని వ్రాసెను. 1979లో డొనాల్డ్ జిల్వర్‌స్మిట్ ధమనీ కాఠిన్యము భోజనానంతరమున జరుగు వ్యాపారమని స్పష్టముగ ప్రతిపాదించెను. ఈయనయు కార్నెల్ విశ్వవిద్యాలయమువాడే యగుట, గేజ్ లెక్కించిన కణములకు అచ్చటనే అర్థము దొరకుట నాకెప్పుడును విశేషముగ దోచును. ఆలోచించి చూడుడు: ఉదయమున ఫలహారము, మధ్యాహ్నము అన్నము, సాయంకాలము టీతో నేదో యొకటి, రాత్రి మరల అన్నము తినువాని రక్తము పస్తు స్థితిలో నుండునది వేకువజామున కొన్ని గంటలు మాత్రమే. తక్కిన దినమంతయు మనము భుక్తరక్తముతోనే బ్రదుకుచున్నాము.

మెటబాలిక్ సిండ్రోము అనునది ఈ వ్యవస్థ తలక్రిందులగు స్థితి. 1988లో స్టాన్‌ఫర్డు ఆచార్యుడు జెరాల్డ్ రీవెన్, ఇన్సులినునకు శరీరము లొంగకుండుటయే మూలముగా అధిక రక్తపోటు, చక్కెర, ట్రైగ్లిసరైడ్లు, హెచ్‌డీఎల్ లోపము ఒకేచోట గుమిగూడునని వివరించెను. 2009లో అంతర్జాతీయ సంస్థలు ఏకమై నిర్ణయించిన ప్రకారము నడుము కొలత హద్దు చేరుట, ట్రైగ్లిసరైడ్లు డెసిలీటరు రక్తమునకు 150 మిల్లీగ్రాములు చేరుట లేక మించుట, హెచ్‌డీఎల్ పురుషులకు 40కిని స్త్రీలకు 50కిని తగ్గుట, రక్తపోటు 130/85 చేరుట, పస్తు చక్కెర 100 చేరుట అను నైదింట మూడున్నచో ఈ స్థితి యున్నట్లు. మన దక్షిణాసియా జాతులకు నడుము హద్దు పురుషునకు 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80. సన్నని కాలుసేతులతో కనబడుచునే పొట్టలో కొవ్వు దాచుకొను మన దేహతత్త్వమునుబట్టి ఈ హద్దు తగ్గింపబడినది.

ఇన్సులిను మాట వినని శరీరమున, కొవ్వు నిలువలు భోజనానంతరము సయితము కొవ్వు ఆమ్లములను వెలువరించుట మానవు. అవి కాలేయమునకు చేరి వీఎల్‌డీఎల్‌గా మారి మరల రక్తమున పడును. ప్రేవులు సయితము అవసరమునకు మించి కైలోమైక్రాన్లను తయారుచేయును. ఇన్సులిను ప్రేరేపింపవలసిన లైపేజ్ మందగించును. రాక హెచ్చి పోక తగ్గును. ఇచ్చట మనవారొక ప్రశ్న వేయుదురు: మేము నూనె తక్కువగానే వాడుదుము, మాంసము పండుగకో దావతుకో గాని తినము, మాకీ కొవ్వు ఎక్కడిది? సమాధానము కంచములోనే కలదు. జొన్నరొట్టె, మక్కగట్క తిన్న యిండ్లలో మూడు పూటలు పాలిష్ పట్టిన తెల్లబియ్యపు అన్నమే ప్రధానమైనది. కండరములు పనిచేయని దేహమున మితిమీరిన పిండిపదార్థమును కాలేయము కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్ రూపమున పంపుచుండును. భారత వైద్య పరిశోధనామండలి ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన ఫలితములలో ట్రైగ్లిసరైడ్లు హెచ్చుగా నున్నవారు నూటికి 32 మంది. హెచ్‌డీఎల్ తగ్గినవారు నూటికి సుమారు 67 మంది. కొలెస్టరాలు హెచ్చినవారు 24 మందియే. మన దేశపు రక్తదోషము ప్రధానముగ ట్రైగ్లిసరైడ్లకును హెచ్‌డీఎల్‌కును సంబంధించినదని ఈ అంకెలే చెప్పుచున్నవి.

ఇక ప్రధానవిషయము. ఒకే భోజనము చేసిన ఆరోగ్యవతియైన యువతికిని, అదే వయస్సు గల యువకునకును రక్తము పరీక్షించినచో, యువతి రక్తములో ట్రైగ్లిసరైడ్లు తక్కువగా పెరిగి త్వరగా దిగివచ్చును. ఆమె దేహమున కొవ్వు పాలు పురుషునికంటె అధికమే. అయినను రక్తమున కొవ్వు తక్కువ. ఈ వైచిత్ర్యమునకు కారణము కొవ్వును దాచుకొను స్థలమునందున్నది. 1947లో మార్సేయి నగరపు వైద్యుడు జాన్ వాగ్, పురుషుని కొవ్వు నడుమునకు పైభాగమున, స్త్రీ కొవ్వు తుంటి తొడలయందు చేరుననియు, వ్యాధులు మొదటిదానిని వెంబడించుననియు గుర్తించెను. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. తరువాతి పరిశోధనలు ఆయన చూపును సమర్థించినవి. స్త్రీ తిన్న కొవ్వులో ఎక్కువ భాగము చర్మము క్రింది నిలువలకును, తొడలకును చేరి భద్రపడును. పురుషుని పొట్టలోపల, ప్రేవులచుట్టు చేరు కొవ్వు స్త్రీకంటె సుమారు రెండింతలు, అది కరగినప్పుడు నేరుగా కాలేయమును ముంచును. స్త్రీ కండరములు రక్తములోని ట్రైగ్లిసరైడులను చురుకుగా గ్రహించును. స్త్రీ కాలేయము వీఎల్‌డీఎల్ కణములను సంఖ్యలో తక్కువగా పంపును. ఈ సర్వమునకు వెనుక అండాశయములనుండి వెలువడు ఈస్ట్రోజెన్ హస్తము కలదు. గర్భమును, చనుబాలను మోయవలసిన దేహమునకు ప్రకృతి కొవ్వును దాచుకొనుటయు, అవసరమైనప్పుడు తీసికొనుటయు నేర్పినదని నా యభిప్రాయము.

ఈ యాధిక్యము శాశ్వతము కాదు. ముట్లుడిగినపిదప ఈస్ట్రోజెన్ తగ్గగా కొవ్వు తొడలను విడిచి నడుమునకు చేరుట మొదలిడును. పస్తు ట్రైగ్లిసరైడ్లును భోజనానంతర ట్రైగ్లిసరైడ్లును పెరుగును. మెటబాలిక్ సిండ్రోము వచ్చిన స్త్రీకి ఈ పెరుగుదల వయస్సుతో నిమిత్తము లేకయే ముందుగా వచ్చిపడును. ఆ స్థితిలో స్త్రీ పురుషుల భోజనానంతర రక్తములు క్రమముగా ఒకదానినొకటి పోలును. పురుషునియందు కొలత ఇంకను కొంత అధికముగా నుండవచ్చును గాని, స్త్రీ తనకు సహజమైన స్థాయినుండి పడిపోయిన దూరము చాల పెద్దది. ఈ దూరమును మన హద్దులు చూపవు. సిండ్రోము నిర్వచనమున హెచ్‌డీఎల్‌కు స్త్రీ పురుషులకు వేర్వేరు అంకెలున్నవి. నడుమునకు వేర్వేరు అంకెలున్నవి. ట్రైగ్లిసరైడులకు మాత్రము ఇరువురకును 150 యే. యౌవనమున 80, 90 అంకెలతో నున్న స్త్రీ 145 చేరినను ‘నార్మల్’ అని చీటీ చేత బట్టుకొని ఇంటికి పోవును. ఈ ఒక్క హద్దును స్త్రీలకు వేరుగ ఆలోచింపవలసియున్నదని నా దృఢవిశ్వాసము.

ఆ పతనదూరమునకు ధమనులు చెల్లించు మూల్యమెంతయో కోపెన్‌హేగన్ నగర హృదయ పరిశీలన చూపినది. 1976 మొదలు 1978 వఱకు చేర్చుకొన్న 7,587 మంది స్త్రీలను, 6,394 మంది పురుషులను సుమారు 26 సంవత్సరములు వెంబడించి, పస్తు లేకుండ తీసిన రక్తముతో పోల్చి, నార్డెస్ట్‌గార్డ్ బృందము 2007లో ఫలితములను ప్రకటించినది. ట్రైగ్లిసరైడ్లు 89 మిల్లీగ్రాములకు లోపున్నవారితో పోల్చినచో, 440 దాటిన పురుషులకు గుండెపోటు అవకాశము 4.6 రెట్లు, స్త్రీలకు 16.8 రెట్లు. ఆ సంవత్సరమే అమెరికాలో 26,509 మంది స్త్రీలను పరిశీలించినవారు మఱియొక సంగతి కనుగొనిరి: రక్తము తీసిన వేళ భోజనము చేసి రెండు మొదలు నాలుగు గంటలైనచో ఆ కొలత గుండె జబ్బును బలముగ సూచించినది, పస్తు కొలతకు ఆ బలము చాలవఱకు లేకపోయినది. మధుమేహపు లెక్కలును ఇట్లే యున్నవి. 2014లో ప్రకటితమైన ఒక విశాల విశ్లేషణ ప్రకారము మధుమేహము పురుషునకు గుండె జబ్బు అవకాశమును 2.16 రెట్లు పెంచగా, స్త్రీకి 2.82 రెట్లు పెంచును. తనకు ప్రకృతి యిచ్చిన రక్షణను పోగొట్టుకొన్న స్త్రీ పురుషునికంటె తీవ్రముగ దెబ్బతినుట ఈ అంకెలన్నింటి సారము. గుండెపోటు స్త్రీలకు పురుషులకంటె సుమారు తొమ్మిదేండ్లు ఆలసించి వచ్చునని 52 దేశముల ఇంటర్‌హార్ట్ పరిశీలన చెప్పినది నిజమే. ఆ తొమ్మిదేండ్లను మన స్త్రీలకు మిగిల్చుచున్నామా యనునదియే నా వ్యథ.

ఎందుకనగా ఇచ్చట, మన తెలుగునాట, ఆ రక్షణను కత్తితో తీసివేయుచున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. దేశమంతటను ఆ చికిత్స జరిగిన స్త్రీల నడిమి వయస్సు 34 ఏండ్లు. తెల్లబట్టయని, నడుము నొప్పియని, రుతుస్రావము హెచ్చినదని వెళ్లిన స్త్రీని, పిల్లలు పుట్టిరి గదా, ఇక ఈ సంచితో పనియేమి అని యొప్పించి, క్యాన్సరు భయము చూపి, గర్భసంచితో కూడ అండాశయములను సయితము తీసివేసిన ఉదంతములు వృత్తిరీత్యా నేను అనేకముగ వింటిని. అండాశయములు రెండును పోయిన దినముననే ముట్లుడుగుట సంభవించును. యాభై యేండ్లకు మెల్లగా రావలసిన మార్పు ముప్పదియైదవ యేట ఒక్క సాయంకాలమున వచ్చిపడును. అండాశయములను మిగిల్చినను, వాని రక్తప్రసారము తగ్గి కొందరికి ముందుగానే అవి సొమ్మసిల్లును. అవసరమైన చికిత్సను నేను నిందించుట లేదు. కొందరికి అది ప్రాణరక్షకము. కాని ఆ స్త్రీకి తరువాత రక్తపోటును, నడుమును, భుక్తరక్తమును చూచువారెవరు? ఆమె చీటీమీద ఆపరేషను ఖర్చు వ్రాసినవారు అండాశయములు మిగిలినవో లేవో వ్రాయలేదు.

ఆ రక్షణను హరించు రెండవది బీడీ పని. కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములలో స్త్రీల చేతి పని యన్న మొదట బీడీయే స్ఫురించును. కంపెనీవారు ఇచ్చిన తునికాకును నానబెట్టి, కత్తెరతో కోసి, చాటను ఒడిలో పెట్టుకొని, జర్దా పోసి చుట్టి, దారముతో బిగించి, లెక్క పూర్తియగువఱకు ఆమె లేవదు. ఆమె వ్రేళ్లు క్షణము విశ్రమింపవు. ఆమె తొడలు గంటల తరబడి కదలవు. కదలని కాలికండరములలో లైపోప్రోటీన్ లైపేజ్ త్వరితముగ క్షీణించునని ఎలుకలపై జరిగిన ప్రయోగములు ఏనాడో తెలిపినవి. అన్నము తిని వెంటనే చాట ముందర కూర్చుండుట, రక్తమున కొవ్వు పెరుగు ఆ మూడు నాలుగు గంటలును కదలకుండుట, ఆమె దేహమును ప్రతిదినము ఈ విధముగనే పరీక్షించుచున్నది. పొగాకు ధూళి వేరు. ఎంత కష్టించినను ఆమె శ్రమ కండరమునకు చేరని శ్రమ. ఈ మాట చెప్పుచు నేను ఆమె ఉపాధిని తూలనాడుట లేదు. ఆమె మగడు దుబాయిలోనో మస్కటులోనో యుండి పంపు డబ్బు రాని నెలలో ఇల్లు గడచినది ఆ చాటవలననే. కట్టకట్టకు ఒకసారి లేచి వాకిట నాలుగు అడుగులు వేయుడని మాత్రమే నా విన్నపము. నడక, అందునను ముందునాటి సాయంకాలపు నడక, మరునాటి భోజనానంతర కొవ్వును తగ్గించును. ఈ సంగతి అనేక ప్రయోగములలో నిశ్చయమైనది.

పురుషులను గూర్చి క్లుప్తముగ. వారికి ప్రకృతి అండ మొదటినుండియు లేదు. గల్ఫునుండి తిరిగి వచ్చినవానికి స్వాగతమనిన దావతు. దావతనిన బగారా అన్నము, మటను, కల్లు. మద్యముతో కూడిన కొవ్వు భోజనము రక్తములోని ట్రైగ్లిసరైడులను రెండింటి విడి ప్రభావములకంటె పైకి పంపును. దక్షిణాసియాలో తొలి గుండెపోటునకు నడిమి వయస్సు 53 ఏండ్లేనని ఇంటర్‌హార్ట్ చెప్పినది. ఛాతీలో నొప్పి వచ్చిన పురుషుని రాత్రియైనను కామారెడ్డికి కారులో తీసికొనిపోవుదురు. దవడ లాగినది, ఆయాసము వచ్చినది, వాంతియైనది అన్న స్త్రీకి సోడా త్రాగించి పడుకొనబెట్టుదురు. ఆమె నొప్పి పలుమారు ఛాతీలో నుండదు. ఇది కూడ స్త్రీ పురుష భేదమే.

ఇక పరీక్ష సంగతి. తండానుండి ఒక స్త్రీ రక్తములో కొవ్వు చూపించుకొనవలెనన్న పన్నెండు గంటలు పస్తుండి, ఇంటిల్లిపాదికి వండిపెట్టి, తాను తినక, ఆటో యెక్కి వచ్చి వరుసలో నిలువవలెను. చక్కెర మాత్ర మ్రింగునది యైనచో మార్గములోనే తల తిరిగి పడుట సంభవము. పొరబాటున టీ త్రాగినదేని మరల రేపు రమ్మందురు, ఆమె రాదు. 2009 నుండియే డెన్మార్కున పస్తు లేకుండ కొవ్వును కొలుచుచున్నారు. 2016లో ఐరోపా ధమనీకాఠిన్య సంఘమును, ప్రయోగశాలా వైద్య సమాఖ్యయు కలసి, సామాన్య పరీక్షకు పస్తు అవసరము లేదని తీర్మానించిరి. సాధారణ భోజనము పిదప ట్రైగ్లిసరైడ్లు సగటున పెరుగునది 26 మిల్లీగ్రాములే యనియు, పస్తు లేని రక్తమున 175 చేరినను అసాధారణముగ నెంచవలెననియు, 440 మించినప్పుడు మాత్రము పస్తుతో మరల చూడవలెననియు చెప్పిరి. అనుమానమున్నచోట నిర్ణీత కొవ్వు భోజనము పెట్టి పరీక్షించు పద్ధతియు కలదు: 2011లో నిపుణుల బృందమొకటి 75 గ్రాముల కొవ్వు, 25 గ్రాముల పిండిపదార్థము, 10 గ్రాముల మాంసకృత్తులు గల భోజనము పిదప నాలుగవ గంటకు 220 మించినచో మంచిది కాదని నిర్ణయించినది. ఇది పెద్ద ఆసుపత్రుల పని. మాచారెడ్డివంటి కేంద్రమున కావలసినది, ముప్పది యేండ్లు దాటిన ప్రతివారికి రక్తపోటు, చక్కెర ఏ వేళనైనను చూచు కార్యక్రమమున, అదే వేళ తీసిన రక్తములో కొవ్వును కూడ కొలుచుట. చక్కెరకు పస్తడుగని సూది కొవ్వుకెందుకు అడుగవలెను?

మన పరిశోధనాసంప్రదాయమున ఇట్టి పనికి ముందు నడచినవారు కలరు. హైదరాబాదున జాతీయ పోషకాహార సంస్థ 1987 మొదలు 1990 వఱకు ఆ నగరపు చుట్టుపట్ల 29 గ్రామములలో కొన్నింట గర్భిణులకును, శిశువులకును అదనపు ఆహారము పెట్టించినది. ఆ బిడ్డలు పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సునకు వచ్చినపిదప పరీక్షింపగా, ఆహారమందిన గ్రామముల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగిరి. ఇన్సులినునకు వారి దేహములు చక్కగ లొంగినవి. వారి ధమనులు మెత్తగా నుండెను. 2008లో వెలువడిన ఈ ఫలితము తల్లి కంచమునకును బిడ్డ ధమనికిని గల సంబంధమును తెలుగు పల్లెలనుండియే లోకమునకు తెలిపినది. అందరు తినినపిదప మిగిలినది తినుచు, శనివారము ఒక్కపొద్దుండుచు, రాత్రి పదిగంటలకు అడుగంటిన అన్నమును పచ్చిపులుసుతో కలుపుకొని వెంటనే నిద్రించు స్త్రీ, తన రక్తమునకు మాత్రమే కాక తరువాతి తరపు రక్తమునకును మూలమై యున్నది. ఆమె అందరితోబాటు ఎనిమిదింటికే తినుట, కంచములో సగము జొన్నరొట్టెయు పప్పును ఆకుకూరయు నుండుట, మంచినూనెను కొలిచి పోయుట, ఇవి మందులకంటె ముందు చేయవలసినవి.

ఆరోగ్యకేంద్రపు సిబ్బందిని కోరునది యొకటి కలదు. ముప్పదియైదేండ్లు దాటిన ప్రతి స్త్రీ చీటీమీద అయిదు సంగతులు వ్రాయుడు: నడుము ఎన్ని సెంటీమీటర్లు, గర్భసంచి తీయించుకొన్నదా, తీయించుకొన్నచో ఏ వయస్సున, అండాశయములు మిగిలినవా, మఱియు రక్తము తీయునప్పుడు ఆమె అన్నము తిని ఎన్ని గంటలైనది. నడుము 80 దాటి, అండాశయములు లేక, తిన్న మూడు గంటలకు ట్రైగ్లిసరైడ్లు 175 మించిన స్త్రీ వయస్సు ముప్పదియెనిమిదే యైనను, ఆమెను యాభైయైదేండ్ల పురుషునంత శ్రద్ధతో చూచి, రక్తపోటును చక్కెరను మూడు నెలలకొకసారి పరిశీలించి, అవసరమైనచో కామారెడ్డి జిల్లా ఆసుపత్రికి చీటీ వ్రాసి పంపుడు. ఆశా కార్యకర్త ఆమెతో కూడ పోవునట్లు చూడుడు.